అలవాటు లేని చెయ్యి

ఉత్తర ప్రత్యుత్తరాల శాఖ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే మజ్జి సన్యాసిరావు కాస్త నీళ్లు నమిలేవాడు. మిగతా శాఖలకు జనం రాసుకున్న అర్జీలకి జవాబు రాయడం ఆ శాఖ పని. పని అవుతుందా అవదా అన్నది ఆ జవాబులో ఉండదు. "తమ అర్జీ అందినది, పరిశీలనలో ఉన్నది" అని ఉంటుంది, అంతే. సన్యాసిరావు అక్కడ అందరికంటే సీనియరు. ఆ ఒక్క వాక్యం రాసీ రాసీ జుట్టు నెరిసిన మనిషి. తన టేబులూ, తన గొడుగూ, తన మధ్యాహ్నపు కునుకూ తప్ప ఎవరి జోలికీ వెళ్లేవాడు కాదు.

ఆ శాఖకి డైరెక్టరు నిష్ఠల చక్రపాణి గారు. దేవతలకి జాతరలొచ్చినట్టు ఆయనకి ఏడాదికోసారి ఓ పూనకం వచ్చేది. ఓ ఏడు, నవ్వితే ఆరోగ్యమని ఎవరో చెప్పారట. రోజూ పొద్దున్నే సిబ్బందిని వరండాలో నిలబెట్టి నవ్వించారు. నవ్వని వాళ్లకి మెమోలిచ్చారు. మెమో అందుకున్నాక నవ్వినందుకు ఒకడికి ఇంకో మెమో ఇచ్చారు. మరో ఏడు ఈశాన్యం బరువెక్కిందని రికార్డు రూమంతా ఖాళీ చేయించి మేడమెట్ల కింద పడేయించారు. ఆ వానాకాలంతో ఈశాన్యమూ తేలికైంది, రికార్డులూ తేలికయ్యాయి.

ఈ ఏడు మెదడు వంతు వచ్చింది.

దానికో కారణం ఉంది లెండి. ఫైళ్లన్నీ ఇకమీదట కంప్యూటర్లోనే నడపాలని ప్రభుత్వం ఎప్పుడో చెప్పింది. కంప్యూటర్లు వచ్చాయి. దసరాకి బొట్లు పెట్టి బంతిపూలు చుట్టడం తప్ప వాటిని ముట్టుకున్న నాథుడు లేడు. పాస్‌వర్డులు పైనుంచి ఇంకా రాలేదన్న సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు, ఒక్క డైరెక్టరుగారికి తప్ప. చెబుదామని వెళ్లినవాడికల్లా "సాకులు చెప్పకండి" అనే జవాబే దొరికింది. సిబ్బంది మెదళ్లు గట్టిపడిపోయాయనీ, అందుకే కొత్త పని ఎక్కడం లేదనీ ఆయన తేల్చేశారు.

ఆ గట్టిదనం వదిలించడానికి డాక్టర్ కౌండిన్య అనే ఆయన్ని పిలిపించారు. ఏం డాక్టరో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఏసీ హాల్లో తెర మీద మెదడు బొమ్మ వేసి ఆయన తియ్యగా మాట్లాడాడు.

"మెదడు మైనం ముద్ద అండీ. కొత్త పని చేసినప్పుడల్లా అందులో కొత్త దారులు పడతాయి. దీన్నే న్యూరోప్లాస్టిసిటీ అంటారు. ముసలితనంలో కూడా కొత్త విద్యలు నేర్వొచ్చు, త్వరగా నేర్వొచ్చు. ఊరికే ఓ చిన్న కసరత్తు, సరదాగా. రోజూ కాసేపు అలవాటు లేని చేత్తో పళ్లు తోముకోండి."

ఆయన పళ్లు తోముకోమన్నాడు, పాపం, అంతే. ఆ మాటలో తప్పేమీ లేదు. కానీ డైరెక్టరుగారి మైనం ముద్ద మీద అది పడిన తీరు వేరు. మర్నాడు నోటీసు బోర్డు మీద సర్క్యులరు వేలాడింది.

"ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునదేమనగా, మెదడు మార్దవ పథకము క్రింద, కార్యాలయపు వేళలలో చేతితో చేయదగిన సమస్త కార్యములను అలవాటు లేని చేతితో మాత్రమే చేయవలెను. దీనికి ఎట్టి మినహాయింపూ లేదు."

కింద డైరెక్టరుగారి సంతకం, కుడిచేత్తో పెట్టింది. ఆదేశం ఇచ్చే మెదడు మెత్తబడితే ఆదేశం కూడా మెత్తబడుతుందని ఆయన తనని తాను పథకానికి అతీతుణ్ణి చేసుకున్నారు.

ఇక చూడండి నా సామిరంగా! సెక్షన్లో కూర్మారావని ఒకడున్నాడు. సూపరింటెండెంటు కుర్చీ మీద ఎప్పట్నుంచో కన్నేసినవాడు. వాడు ఎడమచేత్తో కాగితాలకి గుండుసూది గుచ్చబోయి బొటనవేలికి గుచ్చుకున్నాడు. టీ తాగబోయి చొక్కాకి తాగించాడు. వాడు రాసిన "పరిశీలనలో ఉన్నది" చూస్తే, కోడి కాలికి సిరా పూసి వదిలినట్టుంది. కౌంటరు దగ్గర ఓ పల్లెటూరి ముసలాయనకి రసీదు ఎడమచేత్తో అందించేసరికి ఆయన వెనక్కి గెంతాడు.

"ఏటిది బాబూ, ఎడం సేత్తో ఇస్తన్నావు? నానేటి పాపం సేసినాను నీకు?"

"గవర్నమెంటు ఆర్డరు తాతా. పట్టుకో."

"గవర్నమెంటు ఎడం సేత్తోనే ఇస్తాదని నాకు ముందే తెల్సు. ఇలా మొకమ్మీదే ఇస్తాదని మాత్తరం అనుకోనేదు" అని ఆ ముసలాయన రసీదు టేబులు మీద పెట్టించుకుని, అప్పుడు తీసుకున్నాడు.

భోజనాల వేళ మరీ ఘోరం. క్యారేజీలు విప్పారు, ఎడమచెయ్యి వైపు చూసుకున్నారు, మూతలు పెట్టేశారు. భోజన విరామం కూడా కార్యాలయపు వేళే అని డైరెక్టరుగారు వివరణ ఇచ్చారు మరి. సగంమంది మంగళవారాలూ బుధవారాలూ కూడా శనివారం ఒక్కపొద్దుల్లో కలిపేసుకున్నారు. ఆపైన రెండో సర్క్యులరు వచ్చింది: ఇంతవరకు ఎడమచేయి నిర్వహించుచుండిన ఏకాంత విధులను ఇకపై కుడిచేయి నిర్వహించవలెను, పర్యవేక్షణకు వీలు లేనందున ఈ అంశమును సిబ్బంది అంతరాత్మకు విడిచిపెట్టడమైనది. దాంతో ఆఫీసులో అందరూ ఒకరి చెయ్యి ఒకరు ముట్టుకోవడం మానేశారు.

సన్యాసిరావు సంగతి వేరు.

అతను పుట్టుకతో పుర్రచెయ్యి వాటం. చిన్నప్పుడు అన్నం ముద్ద ఎడమచేత్తో ఎత్తాడని నాయనమ్మ పాతచీర పేలిక చింపి ఆ చేతిని వెనక్కి కట్టేసేది. బడిలో బలపం ఎడమచేత్తో పట్టాడని మేష్టారు రూళ్లకర్రతో కణుపుల మీద కొట్టేవాడు. ఓ కణుపు వాచి, వంకరపోయి, ఇప్పటికీ అలాగే ఉంది. తోటిపిల్లలు "పుర్రచెయ్యోడు! పుర్రచెయ్యోడు!" అని వెంటపడేవారు. చివరికి ఆ చెయ్యి నోరు మూసుకుంది. కుడిచెయ్యి ఏదో చచ్చీ చెడీ రాయడం నేర్చింది. ఎడమచేతికి గొడుగు మొయ్యడం తప్ప వేరే బతుకు లేకుండా పోయింది.

సర్క్యులరు చదివిన రోజున అతను కుర్చీలో కూర్చుని, చుట్టూ చూసి, దొంగతనం చేస్తున్నవాడిలా పెన్ను ఎడమచేతిలోకి మార్చుకున్నాడు. "తమ అర్జీ పరిశీలనలో ఉన్నది" అని రాశాడు. ముత్యాలు! ఒక్కొక్క అక్షరం గుండ్రంగా, నిండుగా, దండ గుచ్చినట్టు వచ్చింది. ఆ చెయ్యి ఇన్నేళ్లూ లోపల్లోపల రాస్తూనే ఉందన్నమాట! సన్యాసిరావుకి ఏడుపొచ్చింది. ముక్కు చీదుకుంటున్నట్టు నటించి కళ్లు తుడుచుకుని, ఇంకో అర్జీ అందుకున్నాడు. అవసరం లేనివాళ్లకి కూడా ఆవేళ జవాబులు వెళ్లాయి.

సాయంత్రం ఇంటికెళ్లి క్యాలెండరు మీద పెళ్లాం పేరు రాసి చూపించాడు. పైడితల్లి నోరు వెళ్లబెట్టింది.

"ఓలమ్మ! ఇంత బాగా రాస్తావేటి? మరిన్నాళ్లూ ఆ కోడిగీతలు ఎందుకు గీసినావు?"

"కొట్టారే" అన్నాడు అతను.

ఆవిడ అతని చెయ్యి ఒళ్లోకి తీసుకుని వంకర కణుపు నిమిరి, "సచ్చినోళ్లు" అంది. ఆ చచ్చినోళ్లు నిజంగా ఎప్పుడో చచ్చిపోయారు గానీ, ఆ మాట వింటే అతనికి ప్రాణం లేచొచ్చింది.

డైరెక్టరుగారు ఆ ముత్యాలు చూశారు. డాక్టర్ కౌండిన్య సన్యాసిరావు నెత్తిన తీగలున్న టోపీ ఒకటి పెట్టి, తీసి, ఇంత త్వరగా నేర్చిన మెదడు తన అనుభవంలో లేదన్నాడు.

"మీ మెదడు వెన్నండీ, సన్యాసిరావు గారూ!" అన్నారు డైరెక్టరుగారు.

"చిత్తం. కానీ నాది పుట్టుకతోనే సార్, ఈ ఎడమచేతి..."

"వినయం ప్రగతికి అవరోధం" అని ఆయన సన్మానం ఏర్పాటు చేసేశారు. శాలువా కప్పే భాగ్యం కూర్మారావుకి దక్కింది. ఎడమచేత్తో కప్పడం వల్ల అది భుజాన పడాల్సింది నెత్తిన పడింది. ఆ ముసుగులో ఉండగానే, తర్వాతి సూపరింటెండెంటు సన్యాసిరావేనని డైరెక్టరుగారు ప్రకటించేశారు. నిజం చెప్పాలంటే ఆ కుర్చీ సంగతి సన్యాసిరావు సరిగ్గా వినను కూడా లేదు. తన చేత్తో తను రాసుకోవచ్చు, అది చాలు అతనికి.

కూర్మారావు మాత్రం విన్నాడు. వాడు చిన్నప్పుడు సన్యాసిరావు బళ్లోనే ఒక తరగతి వెనక చదివాడు. "పుర్రచెయ్యోడు" అని అందరికంటే గట్టిగా అరిచిన గొంతు వాడిదే. ఆ సంగతే ఓ ఆకాశరామన్న అర్జీగా మారి డైరెక్టరుగారికి చేరింది. ఎడమచేత్తో రాసిన అర్జీ కాబట్టి చదవడానికి కొంత ఆలస్యమైంది గానీ, చదివాక విచారణకి ఆలస్యం కాలేదు.

గదిలో డైరెక్టరుగారూ, డాక్టర్ కౌండిన్యా కూర్చున్నారు. సన్యాసిరావు నిలబడ్డాడు.

"మీరు పుట్టుకతో ఎడమచేతి వాటం వారన్నది వాస్తవమేనా?"

"అవునండి. చెప్పబోయానండి, తమరు వినయం అన్నారు."

"అయితే ఎడమచెయ్యి మీకు అలవాటున్న చెయ్యి. దాన్ని వాడటం పథకాన్ని మోసగించడం."

సన్యాసిరావు ఒక అడుగు ముందుకేశాడు. "నాకు కుర్చీ వద్దండి, శాలువా కూడా తిరిగిచ్చేస్తానండి. ఈ చేత్తో రాసుకోనివ్వండి సార్. చిన్నప్పట్నుంచీ రాయనివ్వలేదండి" అన్నాడు.

"ఉద్వేగం వద్దు. కుడిచెయ్యి ఎన్నాళ్ల నుంచి వాడుతున్నారు?"

"పలకా బలపం నాటి నుంచీనండి."

"అంటే అదీ అలవాటున్నదే!" డైరెక్టరుగారు డాక్టరు వైపు తిరిగారు. "అయితే ఈయనకి అలవాటు లేని చెయ్యి ఏది?"

"శాస్త్రీయంగా చూస్తే, లేదండీ" అన్నాడు డాక్టరు.

సన్యాసిరావుకి కొంచెం ఆశ పుట్టింది. "అయితే నన్ను వదిలెయ్యండి సార్."

"మినహాయింపా? ఇవాళ మీకిస్తే, రేపు చేతులున్న ప్రతివాడూ వచ్చి అడుగుతాడు."

"ఇక మిగిలింది కాలేనండీ" అని డాక్టరు హాస్యమాడి, తనే నవ్వాడు. డైరెక్టరుగారు నవ్వలేదు. నవ్వుల ఏడు ముగిశాక ఆయన నవ్వడం మానేశారు. పెన్ను తీశారు.

"మెదడులో కాలికి కూడా చోటుందా?"

"ఉండటం ఉంది కానీ..." డాక్టరు చూపు టేబులు మీదికి పోయింది. ఆయన ఒప్పందం ఇంకో ఏడాదికి పొడిగించే కాగితం కూడా ఆ టేబులు మీదే ఉంది. "ఉందండీ. బోలెడు చోటుంది" అన్నాడు.

అలా పుట్టింది ప్రత్యేక ఆదేశం. ఇతర సిబ్బంది చేతితో చేయు సమస్త కార్యములను శ్రీ సన్యాసిరావు ఎడమ కాలితో చేయవలెను. వ్రాయుట, ఇచ్చుట, పుచ్చుకొనుట, గౌరవ మర్యాదలు తెలుపుట, అన్నియు. చేతులు పొరపాటున కదలకుండుటకు వెనుకకు కట్టి ఉంచవలెను. ఎట్టి మినహాయింపూ లేదు.

"సార్, కాగితం సరస్వతి కదండీ" అని బతిమాలుకున్నాడు సన్యాసిరావు. "పొరపాటున కాలు తగిలితేనే కళ్లకద్దుకుంటాం. కావాలని తొక్కమంటారా?"

డైరెక్టరుగారు ఆలోచించారు. న్యాయంగానే ఆలోచించారు. "కళ్లకద్దుకోండి. నాకేం అభ్యంతరం లేదు. కానీ కళ్లకద్దుకోవడం కూడా చేతిపనే కదా! అదీ కాలితోనే అద్దుకోండి."

నాయనమ్మ ఒక్క చెయ్యే కట్టింది. ప్రభుత్వం రెండూ కట్టింది. సన్యాసిరావు గచ్చు మీద కాగితం పెట్టుకుని, బొటనవేలికీ పక్కవేలికీ మధ్య పెన్ను ఇరికించి "తమ అర్జీ" అని గీస్తుంటే తొడలూ పిక్కలూ పట్టేసేవి. అటెండరు ఆ కాగితాలు ముట్టుకునే ముందు చెంపలేసుకునేవాడు. కూర్మారావు కావాలని ఫైలు నేలమీదికి విసిరి, "అందుకోండి గురువుగారూ, కొత్త దారులు పడాలి కదా" అనేవాడు. సెక్షనంతా నవ్వేది. బొటనవేలికి గుచ్చుకున్న గుండుసూదులన్నీ మర్చిపోయి నవ్వేది. మంది మెదడు మెత్తబడిందో లేదో గానీ, సిగ్గు మాత్రం బాగా మెత్తబడింది.

ఆ సాయంత్రం పైడితల్లి అతని కాలివేళ్ల సందులో సిరా కడుగుతూ కళ్లనీళ్లు పెట్టుకుంది.

"రాజీనామా రాసి పారెయ్యి. గంజి తాగి బతుకుదాం."

"అదీ కాలితోనే రాయాలే" అన్నాడు అతను.

ఆవిడ చేతిలో చెంబు ఆగింది. "ఏటీ, ఇంకోసారి సెప్పు. ఆ కాయితంలో ఏటున్నాది?"

"సమస్త కార్యములూ, గౌరవ మర్యాదలూ, అన్నీ కాలితోనే అని ఉంది."

"సమస్తం అన్నాడా?"

"అన్నాడు."

"మరేటింక? రాసిందే సెయ్యి. అచ్చరం పొల్లుపోకండా సెయ్యి" అంది పైడితల్లి, చెంబు నేలకేసి కొడుతూ.

పథకం పేరు రాజధాని దాకా పాకింది. చూడ్డానికి ప్రభుత్వ కార్యదర్శిగారు వచ్చారు. ఆవిడ తక్కువ మాట్లాడే మనిషి. హాల్లో వేదిక కట్టారు. డైరెక్టరుగారి తిరిగే కుర్చీని మోసుకొచ్చి మధ్యలో పెట్టారు. పథక రూపకర్తకి శాఖలో అందరికంటే సీనియరు దండ వేసి, వెన్ను తట్టి అభినందించాలని కార్యక్రమంలో ఉంది. ఆ ముక్క డైరెక్టరుగారు స్వయంగా పెట్టించుకున్నదే. ఆ సీనియరు ఎవరో ఆయనకి మైకులో పేరు పిలిచేదాకా తట్టలేదు.

సన్యాసిరావు చేతులు వెనక్కి కట్టుకుని, కాలికి బంతిపూల దండ తగిలించుకుని, అటెండరు జబ్బకి ఆనుకుని కుంటుకుంటూ వేదికెక్కాడు.

డైరెక్టరుగారు కుర్చీలోంచి సగం లేచారు. "ఈ ఒక్కసారికీ చేత్తో వేసెయ్యవయ్యా" అని గొణిగారు.

"మినహాయింపు లేదన్నారు కదండీ" అన్నాడు సన్యాసిరావు. మెల్లిగానే అన్నాడు గానీ, మైకు దగ్గరగా ఉంది.

"ఏమిటిది?" అన్నారు కార్యదర్శిగారు.

డైరెక్టరుగారు మళ్లీ కూర్చున్నారు. "ఇది మా పథకంలో అత్యున్నత దశ మేడమ్."

"అలాగా. అయితే కానివ్వండి, చూద్దాం."

యాభై దాటిన మనిషి కాలు మెడదాకా లేస్తుందా ఎక్కడైనా? లేవదు. మెడే కాలి దగ్గరికి రావాలి. వచ్చింది. డైరెక్టరుగారు కుర్చీలోంచి ముందుకు వంగారు, ఇంకా వంగారు, తల సన్యాసిరావు పాదం దాకా దింపారు. దండ పడింది. కెమెరాలు టపటపమన్నాయి.

"ఇప్పుడు... వెన్ను తట్టి... అభినందిస్తారు" అని కూర్మారావు మైకులో చదివేశాడు. కాగితంలో ఉంది మరి. వాడికి కాగితం తప్ప ఏం తెలుసు?

సన్యాసిరావు తట్టాడు. మెల్లిగా తట్టాడా, గట్టిగా తట్టాడా అన్నది ఇప్పటికీ తేలలేదు. చూసినవాళ్లు తలో మాటా చెబుతారు. ఆ కాలిలో రూళ్లకర్ర ఉందో, పాతచీర పేలిక ఉందో, నేలమీద విసిరిన ఫైళ్లున్నాయో, అతనికి మాత్రమే తెలుసు. కుర్చీకి చక్రాలున్నాయి. అది వేదిక చివరిదాకా దొర్లి ఆగింది. డైరెక్టరుగారు ఆగలేదు. దండతో సహా కిందపడ్డారు, కుడిచెయ్యి కింద పెట్టుకుని పడ్డారు. మణికట్టు పుటుక్కుమంది.

కార్యదర్శిగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి నడిచారు. కొంగు వెనక ఏముందో కారు డ్రైవరు చూశాడట. కారెక్కాక గేటు దాటేదాకా ఆవిడ భుజాలు ఎగిరిపడుతూనే ఉన్నాయట.

సన్యాసిరావుని సస్పెండ్ చెయ్యాలని డైరెక్టరుగారు ఆసుపత్రి మంచం మీంచే హూంకరించారు. చెయ్యొచ్చు. కానీ దానికి ఆ ప్రత్యేక ఆదేశం నకలు జతపరచాలి. అది చదివితే పైవాళ్లు ఎవరిని సస్పెండ్ చేస్తారో ఎవరో ఆయన చెవిన వేశారు. దాంతో ఆ మాట ఆసుపత్రిలోనే ఉండిపోయింది.

కట్టుతో ఆఫీసుకొచ్చిన డైరెక్టరుగారికి అప్పుడు తెలిసింది, అలవాటు లేని చెయ్యి అంటే ఏమిటో. చొక్కా బొత్తాం పడదు. ముద్ద నోటికి బదులు చెవి దగ్గరికి పోతుంది. కౌండిన్యకి కబురంపితే ఫోను ఎత్తలేదు. త్వరగా నేర్చుకుంటానని ఆయన పాపం గట్టిగానే ప్రయత్నించారు. చివరికి ఆయనే డిక్టేటు చేశారు: మెదడు మార్దవ పథకము రద్దు, ఇకపై సిబ్బంది యావన్మంది సమస్త కార్యములను కుడిచేతితో మాత్రమే చేయవలెను, ఎట్టి మినహాయింపూ లేదు.

సంతకం దగ్గర బండి ఆగిపోయింది. ఎడమచేత్తో ఆయన పెట్టిన సంతకం చూసి, అది తనదని ఆయనే ఒప్పుకోలేకపోయారు. సంతకం కలవని ఆదేశం చెల్లదని కూర్మారావు రూలు చూపించాడు. ఇక ఒకటే దారి. సిరా పెట్టె తెప్పించారు. ఇంతమంది మెదళ్లకి సాన పట్టించిన డైరెక్టరుగారు ఆదేశం కింద ఎడమచేతి బొటనవేలి ముద్ర వేశారు.

వేలిముద్రకి చదువొచ్చిన వాడొకడు సాక్షి సంతకం పెట్టాలి. సీనియరు పెట్టడం రివాజు. సన్యాసిరావుని పిలిచారు.

అతను వచ్చి, కాగితం టేబులు మీద పెట్టుకుని, నిలబడే చదివాడు. "కుడిచేతితో మాత్రమే" అన్నచోట కాసేపు ఆగాడు. జేబులోంచి పెన్ను తీశాడు. తీసి, ఎడమచేతిలోకి మార్చుకున్నాడు.

"కుడిచేత్తో..." అనబోయారు డైరెక్టరుగారు.

సన్యాసిరావు ఎడమకాలి చెప్పు వదిలాడు, అంతే. డైరెక్టరుగారు తన కుర్చీ చక్రాల వైపు చూసుకున్నారు. పక్కనున్న కూర్మారావు ఓ అడుగు వెనక్కి వేశాడు.

సన్యాసిరావు తీరిగ్గా, గుండ్రంగా, దండ గుచ్చినట్టు రాశాడు: "పై ముద్ర శ్రీ నిష్ఠల చక్రపాణి గారి ఎడమచేతి బొటనవేలిది. వీరికి సంతకము చేయుట రానందున నా సమక్షమున వేసినారు. సాక్షి, మజ్జి సన్యాసిరావు."

సిరా ఆరేదాకా ఊది, కాగితం ఎడమచేత్తోనే చాపాడు. డైరెక్టరుగారు ఎడమచేత్తో అందుకున్నారు.